వెనక వైపు పని

లోహం మీద గాజు పొడి చల్లి, కొలిమిలో కరిగించి, రెండింటినీ ఒకటి చెయ్యడమే ఎనామెల్ పని. మన నగల కొట్లలో మీనా పని అనేది దీన్నే. నేను దీన్ని నేర్చుకోవడానికి చేరింది రంగుల మీద మోజుతో. సీసాల్లో వరసగా పెట్టిన నీలాలు, ఆకుపచ్చలు చూస్తే ఎవరికైనా చెయ్యి ఊరుకోదు. రాగి బిళ్ల అందుకుని ఏ రంగు వెయ్యాలా అని చూస్తుంటే, నేర్పే మేడమ్ "ముందు వెనక వైపు కానివ్వండి" అన్నారు. ఎవరికీ కనిపించని వైపుకు అంత మర్యాద దేనికా అనిపించింది. ఇప్పుడు ఈ విద్యలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ వెనక వైపే.

రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. ఎనామెల్ గాజుకు 750 నుంచి 850 డిగ్రీలు చాలు. ఈ తేడా ఉండబట్టే కింద రాగి చెక్కుచెదరకుండా పైన గాజు కరుగుతుంది. చిక్కంతా చల్లారేటప్పుడే. రాగి గాజు కంటే ఎక్కువగా కుదించుకుపోతుంది. ఒక్క వైపే పూత ఉంటే పలచటి రేకు వంగుతుంది, ఆ వంపుకు తాళలేక గాజు బీటలు వారి పెచ్చులుగా లేస్తుంది. అదే వెనక కూడా ఇంచుమించు అంతే మందాన గాజు పోస్తే రెండు వైపుల లాగుడూ సరిసమానమై రేకు నిలకడగా ఉంటుంది. దీన్ని కౌంటర్ ఎనామెల్ అంటారు. ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో 15వ శతాబ్దం చివర పలచటి రాగి రేకుల మీద బొమ్మలు వేసినవాళ్లు కూడా ఈ ఉపాయాన్నే నమ్ముకున్నారు. మన చిన్నప్పటి తెల్ల ఎనామెల్ పళ్లేలు గుర్తున్నాయా? వాటికీ పూత రెండు వైపులా ఉండేది. ఇనుము తుప్పు పట్టకుండా కాపాడటం అక్కడ మరో అవసరం.

పని మొదలయ్యేది శుభ్రతతో. రాగి చెంబును చింతపండు, ఉప్పు వేసి తోమే అలవాటున్న ఇళ్లలో పెరిగిన మనకు ఇది కొత్తేమీ కాదు. నీళ్లు పోస్తే చుక్కలుగా విడిపోకుండా రేకంతా పరుచుకోవాలి. విడిపోయిందంటే ఎక్కడో జిడ్డు ఉన్నట్టే. ఆ తర్వాత జిగురు నీళ్లు పలచగా రాసి, జల్లెడతో గాజు పొడిని సమంగా రాల్చాలి. పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే ఆవిరి పుట్టి పొడిని ఎగజిమ్ముతుంది. కొలిమిలో ఉంచేది రెండు మూడు నిమిషాలే. పొడి మొదట నల్లబడుతుంది, తర్వాత బత్తాయి తొక్కలా గరుగ్గా కనిపిస్తుంది, ఆ గరుకు సర్దుకుని నున్నగా మెరవగానే పటకారుతో తియ్యాలి. బయటికొచ్చిన ఎరుపు నల్లగా కనిపిస్తే కంగారు పడకూడదు. చల్లారేకొద్దీ దాని రంగు దానికి వస్తుంది.

వెనక వైపు అయ్యాక బిళ్లను తిప్పి, ముందు వైపున పట్టిన నల్లటి పొరను గోకి, మళ్లీ తోమి, అప్పుడు రంగుల జోలికి వెళ్లాలి. ఆ పొర మిగిలితే పెచ్చులు లేచి రంగులో నల్ల చుక్కలుగా పడతాయి. ఈసారి కొలిమిలో బిళ్లను కింద ఆనించడానికి లేదు, వెనక గాజు కూడా కరుగుతుంది కదా. అందుకే అంచులు మాత్రమే తగిలే మూడు కాళ్ల స్టాండు మీద నిలబెడతారు.

జైపూర్ మీనా పని చరిత్ర కాస్త చదివాక మేడమ్ మాట ఇంకా బాగా తలకెక్కింది. రాజా మాన్‌సింగ్ లాహోర్ నుంచి పనివాళ్లను రప్పించాడని అక్కడ చెప్పుకుంటారు. ఆ పరంపరలోని సర్దార్ కుద్రత్ సింగ్‌కు 1988లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి పద్ధతిలో బంగారాన్ని చెక్కి, ఆ పల్లాల్లో గాజు నింపుతారు. ఎక్కువ వేడికి తట్టుకునే రంగును ముందు, సుకుమారమైన ఎరుపును చివర కాలుస్తారు. పారదర్శకమైన ఎరుపు బంగారం మీద పండినట్టు వెండి మీద పండదు. కుందన్ నగల్లో ఈ మీనా ఉండేది ఎక్కువగా వెనక, ఒంటికి తగిలే వైపు. మెత్తని మేలిమి బంగారం ఒరిపిడికి అరిగిపోకుండా అది అడ్డు. రాళ్లను లక్కలో కూర్చి పొదుగుతారు కాబట్టి, పొదిగాక నిప్పు చూపించడానికి వీల్లేదు. అంటే వజ్రాల కంటే ముందే వెనక పూలు, చిలకలు పూర్తి కావాలి.

హైదరాబాద్ వాళ్లకు ఇది మరీ దగ్గరి సంగతి. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాం నగల్లో కూడా వెనక మీనా చేసినవి ఉన్నాయి. ప్రదర్శనలో జనం కళ్లు రాళ్ల మీదే ఉంటాయి. ఆ వెనక వైపు తెలిసింది పెట్టుకున్నవాళ్లకీ, చేసినవాళ్లకీ మాత్రమే.

నేర్చుకోవాలనుకునేవారికి రెండు మాటలు. ఇత్తడి జోలికి పోకండి, అందులోని జింకు గాజును సరిగ్గా అంటనివ్వదు. రాగితో, ఒకే రంగుతో మొదలుపెట్టండి. సీసం లేని పొడినే అడిగి తెచ్చుకోండి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి, వంటింట్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

కొనుక్కునేవారికి ఒకే మాట. మీనా పేరుతో ఇప్పుడు కొలిమి మొహం చూడని రెజిన్ పూతలు కూడా అమ్ముతున్నారు. చవకగా, అందంగా ఉంటే కొనుక్కోవడంలో తప్పేం లేదు. కానీ మీనాకు విడిగా మజూరీ వేసినప్పుడు, ఇది కాల్చిందా, పూసిందా అని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. నిప్పు దగ్గర నిలబడి పనిచేసినవాడి కూలి పూత పూసినవాడికి పోకూడదు.