పిడుదు పట్టిన తొలి గంటలు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి చుట్టుపక్కల 1970లలో చాలామంది పిల్లలకు మోకాళ్లు వాచాయి. ఒకే వీధిలో ఇంతమందికి కీళ్లవాతం ఎలా వస్తుందని తల్లులు పట్టుబట్టి అడిగారు. యేల్ వైద్యుడు అలెన్ స్టీర్ కూపీ లాగడం మొదలుపెట్టారు. దీనికి కారణం పిడుదుల కడుపులో ఉండే మెలికలు తిరిగిన బాక్టీరియా అని 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం ప్రకటించింది.

ఆ ఊరి పేరుతోనే లైమ్ అని పిలిచే ఈ జబ్బును మోసే నల్లకాళ్ల పిడుదు పిల్లదశలో గసగసాల గింజంత ఉంటుంది. మన పశువుల చెవులకు వేలాడే పిడుదులా ఇట్టే కంటపడదు. న్యూజెర్సీలోనో కనెటికట్‌లోనో పెరట్లో బీరపాదులు పెంచుకునే తెలుగువాళ్లు సాయంత్రం మోకాలి వెనక, చంకల్లో, గజ్జల్లో, పిల్లల జుట్టు కుదుళ్లలో వెతుక్కోవాలి.

కనబడితే కిరసనాయిలు, కొబ్బరినూనె, అగ్గిపుల్ల సెగ ఏవీ వద్దు. అదే ఊడిపోతుందిలే అని ఆగితే ఇంకాసేపు రక్తం తాగనిచ్చినట్టే. సన్నమొన ట్వీజర్స్‌ను చర్మానికి ఆనించి, దాని తల దగ్గర పట్టుకోవాలి. మెలితిప్పకుండా, కుదుపు లేకుండా నిలువుగా పైకి లాగాలి. నోటి ముక్క లోపలే ఉండిపోతే సూదితో కెలకొద్దు, కొన్నాళ్లకు చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ చోటును సబ్బునీళ్లతో కడిగి, పిడుదును టేపుకు అంటించి, తేదీ రాసి ఉంచుకుంటే డాక్టరుకు పనికొస్తుంది. లైమ్ క్రిమి ఒంట్లోకి దిగడానికి సాధారణంగా 24 గంటలకు పైనే పడుతుంది. అందుకే ఆ పూటే తీసేయడాన్ని మించిన రక్షణ లేదు.

జబ్బు ఎక్కువున్న ప్రాంతంలో పిడుదు ఒకటిన్నర రోజు పట్టుకుని ఉందనిపిస్తే, తీసిన 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ అనే మందు ఒక్క మోతాదు ఇస్తారు.

మరి మూలికలు? అక్కడి మూలికావైద్యులు లైమ్‌కు సూచించేవాటిలో మన నేలవేము కూడా ఉంది. 2020లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పలు మొక్కల సారాలను ప్రయోగశాలలో ఈ క్రిమి మీద పరీక్షించారు. ఘనాలో మలేరియాకు వాడే క్రిప్టోలెపిస్, నల్ల వాల్‌నట్, జపనీస్ నాట్‌వీడ్ బాగా పనిచేశాయి. నేలవేము దాదాపు ఏమీ చేయలేదు. గాజుగిన్నెలో గెలిచిన మొక్కలైనా మనిషి ఒంట్లో అంతే పనిచేస్తాయని చెప్పలేం. దురదకు ప్లాంటెన్ అనే కలుపుమొక్క (అరటి కాదు) ఆకు నూరి పెట్టుకుంటే తప్పేం లేదు. మందు మానేసి కషాయాన్ని నమ్ముకోవడం మాత్రం ప్రమాదం.

పసరు పూసినా ఆ చోటును రోజూ తుడిచి చూడాలి. 3 నుంచి 30 రోజుల్లో ఎర్రటి మచ్చ లేచి చుట్టూ పాకవచ్చు. సాధారణంగా అది నొప్పి పెట్టదు, పెద్దగా దురదా ఉండదు. రక్తంలో ప్రతిరక్షకాలు తయారవడానికి వారాలు పడుతుంది కనుక అప్పుడు చేసిన పరీక్షలో ఏమీ తేలకపోవడం మామూలే. అందుకే జబ్బు ఎక్కువున్న చోట డాక్టర్లు పరీక్ష కోసం ఆగరు, మచ్చ చూసే మందు మొదలుపెడతారు.