పలనాటి జొన్నకూడు: శ్రీనాథుని చాటువులు, పోషకాహార పరిశోధన – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గురజాల, కారంపూడి, మాచర్ల ప్రాంతాల గతజీవితాన్ని గురించి రాసేటప్పుడు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులను సాక్ష్యంగా చూపడం పరిపాటి. రాళ్లు, తేళ్లు, నాగులేటి నీళ్లతోపాటు జొన్నకూడు కూడా పలనాటి వెనుకబాటుకు గుర్తుగా స్థిరపడింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, కవి ఈసడించిన తిండే ఆరోగ్యకరమని చెప్పి ఆయన మాటను కొట్టివేయడమూ సులువైంది. ఈ రెండు వాదాలూ రుచిని, పోషణను ఒకటిగా భావిస్తున్నాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. చాటువులోని అనుభవం ఎవరిది?

కృష్ణుణ్ణి సంబోధించే చాటువులో కవి ఒక సవాలు విసురుతాడు. పూతన చనుబాలు తాగడం, దావాగ్నిని మింగడం గొప్ప కాదట. చింతచిగురు కలిపిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగితే ఆయన సత్తా తెలుస్తుందట. ఇక్కడ ఆకలి లేదు, రోగం లేదు. మింగడంలోని కష్టం మాత్రమే ఉంది. సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన గొంతుకు జొన్న గరుకుగా తోచింది. రోజూ అదే తినే పలనాటి రైతుకు ఏమనిపించిందో పద్యం చెప్పదు. కనుక ఈ చాటువు ఒక అతిథి ఇంద్రియానుభవానికి సాక్ష్యమే గాని ఆ సీమ ఆరోగ్యస్థితికి సాక్ష్యం కాదు.

3. ప్రయోగశాల చెప్పినది

1918లో మెక్‌కారిసన్ కూనూరులో ప్రారంభించిన పరిశోధన కేంద్రమే 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. దక్కనులో జొన్న ప్రధానాహారంగా ఉన్న పేదలలో కనిపించిన పెల్లాగ్రా వ్యాధిని అక్కడి శాస్త్రజ్ఞులు అధ్యయనం చేశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతిచాంచల్యం దాని లక్షణాలు. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ శరీరంలో నియాసిన్ తయారీకి అడ్డుపడుతుందని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. ఈ సిద్ధాంతంపై తరువాత చర్చ జరిగింది. అయితే జొన్న తినేవారందరికీ ఈ వ్యాధి రాలేదన్నది గమనార్హం. జొన్న తప్ప మరేదీ దొరకని ఇళ్లనే అది ప్రధానంగా పట్టింది. పప్పు, పాలు, మాంసం వంటివి తోడైన చోట అదే ధాన్యం బలాన్నిచ్చింది.

అంటే ధాన్యానికి గుణదోషాలను విడిగా అంటగట్టలేము. కంచంలో దానికి తోడైనదేమిటన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను చిరుధాన్యాల ప్రశంసా విస్మరిస్తున్నది, వెనుకబాటు వాదమూ విస్మరిస్తున్నది. విశేషమేమంటే, కవి వేళాకోళంగానే అయినా ఆకుకూరను, చింతచిగురును పేర్కొని, ఆ కంచాన్ని ఈ ఇద్దరికంటే పూర్తిగా చూపాడు.

4. ముగింపు

నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చాక పలనాటి పొలాలకు వరి చేరింది. జొన్నకూడు పేదరికానికి గుర్తన్న భావన మాత్రం చాటువుతోపాటు మిగిలింది. ఆ సీమ తిండిని అధ్యయనం చేసేవారు అతిథి నాలుకతో ఆగిపోకూడదు. బ్రహ్మనాయుని చాపకూడు కథ కూడా పలనాటిదే. అక్కడ ప్రధానం రుచి కాదు, ఎవరెవరు కలిసి కూర్చున్నారన్నది. ఎవరు తిన్నారు, దేనితో తిన్నారు, ఏమి దొరకక తిన్నారు అని అడిగినప్పుడే సాహిత్య సాక్ష్యం, శాస్త్ర సాక్ష్యం ఒకదానికొకటి తోడు నిలుస్తాయి.