తాతయ్య పాట, మన అక్షరం

కైవారం తాతయ్య మాట వస్తే మనవాళ్ళు ముందుగా ఎత్తేది కాలజ్ఞానమే. ఆయన చెప్పినదాంట్లో ఏది జరిగింది, ఏది జరగాలి అని లెక్క వేస్తారు. లెక్కలు నా వృత్తి గనుక చెబుతున్నాను, ఇందులో ఒక పెద్ద పద్దు జమకు రాలేదు. అది తాతయ్య పాట.

ఆయన 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని సంప్రదాయం. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగిన మనిషి. పరదేశి స్వామి ఆయన నోట్లో గులకరాయి పెట్టి, అది కలకండ అయ్యేదాకా జపం చెయ్యమన్నారని కథ. గడప గడపకూ వెళ్ళి ఆడవాళ్ళతో బేరమాడిన వాడికి పండితుల భాషతో పనేముంది? క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి ముద్రగా పెట్టుకున్నట్టే, ఈయన తన ఊరి దేవుడు అమర నారేయణుణ్ణి పెట్టుకున్నారు. నారాయణ అనకుండా నారేయణ అనడంలో నా చెవికి పల్లె నోరే వినిపిస్తుంది.

ఆ కాలంలోనే, తెలుగుదేశానికి అవతల, కావేరి ఒడ్డున త్యాగరాజు (1767–1847) తెలుగులో పాడారు. ఆయన కృతుల్ని శిష్యులు కచేరీకి చేర్చారు. తాతయ్య పాటల్ని భజన బృందాలు మోశాయి. అక్కడ కృతిని తమిళ లిపిలో రాసుకుని పాడేవారిలో చాలామందికి అర్థం తెలియదు. మన సంగతి వేరు. బాగేపల్లి వైపు ఒక భజనలో ఒక కుర్రవాడి నోటుబుక్కు చూశాను. తాతయ్య తెలుగు పాట కన్నడ అక్షరాల్లో ఉంది. ఇంట్లో తెలుగే గనుక మాట మాటా అతనికి తెలుసు. రానిది అక్షరమే. చింతామణిలో టొమాటో అమ్మి బ్యాంకుకు వచ్చే రైతూ అంతే, మాట తెలుగు, చలానా కన్నడం.

కన్నడంతో మనకు తగవు లేదు. తాతయ్య కన్నడంలోనూ రాశారు. ఆయన తెలుగు పాటను మన పిల్లలకు దక్కించింది కూడా కన్నడ లిపే. అయితే ఆ పాట పట్టుకుని వేమన దగ్గరికి, అన్నమయ్య దగ్గరికి వెళదామంటే ఆ కుర్రవాడికి దారి లేదు. అటువైపు తెలుగు పాఠకుడికేమో కన్నడ లిపిలోని తాతయ్య అందడు. అన్నమయ్య, క్షేత్రయ్యలకు దక్కిన చోటు తెలుగు సాహిత్య చరిత్రల్లో ఈయనకు దక్కకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం. పాట సాహిత్యమేనా అన్న సందేహం ఇక అక్కరలేదు. 2016లో పాటల రచయిత బాబ్ డిలాన్‌కు నోబెల్ సాహిత్య బహుమతే ఇచ్చారు.

గురుపూర్ణిమ సంగీతోత్సవానికి కైవారం వెళ్ళే పాఠకులకు ఒక మనవి. తాతయ్య పాట ఒకటి ఎంచుకుని, మనవడి నోటుబుక్కులో కన్నడ వరుస కింద తెలుగు వరుస రాసి ఇవ్వండి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు, వాడే పోల్చుకుంటాడు. మా ఇంట్లో రెండు ఆదివారాలు పట్టింది.