కలం కదిపే ముందు

అమెరికాలో ఎమ్మెస్ చదవాలనుకునే తెలుగు విద్యార్థికి జీఆర్‌ఈలోని గణిత విభాగం తొలిచూపులో చాలా తేలిగ్గా కనిపిస్తుంది. కలనం లేదు, త్రికోణమితి లేదు. అంకగణితం, బీజగణితం, జ్యామితి, దత్తాంశాల విశ్లేషణ ఉంటాయి. వాటిలోనూ ఎక్కువ భాగం హైస్కూల్లో చదివేసినవే. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే ఉండే ఈఏపీసెట్‌ను దాటి, ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు గడిపినవాళ్లకు శాతాలూ నిష్పత్తులూ పెద్ద విషయంగా అనిపించకపోవడం సహజమే. అయినా ఆ శాతాల దగ్గరే, ఆ నిష్పత్తుల దగ్గరే మార్కులు జారిపోతుంటాయి. సూత్రం తెలియక జరిగే నష్టం ఇందులో తక్కువ. అవసరం లేని చోట సూత్రాన్ని వాడటం, ప్రశ్నలో లేని షరతును ఉన్నట్టు ఊహించుకోవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. దీనికి మందుగా కోచింగ్ సెంటర్లలో షార్ట్‌కట్‌ల పేరుతో కొన్ని పద్ధతులు చెబుతారు. వాటిలో ముఖ్యమైనవి నిజానికి షార్ట్‌కట్‌లు కావు. వాటికి వెయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, శాస్త్రంలో పేరుంది, ఎక్కడిదాకా పనిచేస్తాయో చెప్పే హద్దు ఉంది. ఆ హద్దుతో సహా నేర్చుకుంటే అవి గణితం. హద్దు వదిలేస్తే వట్టి చిట్కాలు. ఈ పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థికి నిజంగా మిగిలే విద్య ఏదైనా ఉంటే అది ఈ తేడాను పట్టుకోవడమే.

పరీక్ష నిర్మాణమే ఈ మాటకు మొదటి సాక్ష్యం. ఈటీఎస్ సంస్థ 2023 సెప్టెంబరు నుంచి నడుపుతున్న కుదించిన జీఆర్‌ఈలో గణితానికి రెండు భాగాలున్నాయి: మొదటి దానిలో 21 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండో దానిలో 26 నిమిషాలకు 15 ప్రశ్నలు. మొదటి భాగం ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో భాగం ఎంత కఠినంగా ఉండాలో నిర్ణయమవుతుంది. స్కోరు 130 నుంచి 170 మధ్య ఇస్తారు. ఒక్కో ప్రశ్నకు సగటున దక్కేది నిమిషం ముప్పావు. తెర మీదే కాలిక్యులేటర్ కూడా ఇస్తారు. గుణకారం, భాగహారం చేసిపెట్టే యంత్రాన్ని చేతికిచ్చి మరీ పరీక్ష పెడుతున్నారంటే, పరీక్షిస్తున్నది ఆ గుణకార భాగహారాలను మించినదేదో అయివుండాలి. ఏది చేయాలి, ఏది చేయనక్కర్లేదు, ఇచ్చిన సమాచారం ఎంతవరకు సరిపోతుంది అన్న తీర్పు అది.

మొదట ‘ఏదో ఒక అంకె అనుకుని చేయి’ అనే పద్ధతిని చూద్దాం. ఒకాయన జీతంలో మూడో వంతు అద్దెకు పోయింది. మిగిలినదానిలో నాలుగో వంతు సరుకులకు పోయింది. చేతిలో 18,000 రూపాయలు మిగిలాయి. జీతమెంత? జీతాన్ని x అనుకుని సమీకరణం రాయవచ్చు. లేదా జీతం 12 అనుకోవచ్చు. అద్దె 4 పోతే 8. అందులో నాలుగో వంతు 2 పోతే 6. మన ఊహలో 6 మిగిలింది, అసలు లెక్కలో 18,000 మిగిలింది; అది 3,000 రెట్లు. కాబట్టి జీతం 36,000. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో ఈ పద్ధతి పేరు ఇష్టకర్మ. తోచిన సంఖ్యను తీసుకుని, లెక్కలో చెప్పిన పనులన్నీ దాని మీద జరిపి, వచ్చిన ఫలితాన్ని అసలు ఫలితంతో పోల్చి సరిచేయడం అందులోని విధి. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు రైండ్ పపైరస్‌లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది కాబట్టి ఇది ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అయితే ఇది ఎందుకు పనిచేస్తుంది? తెలియని రాశి మీద జరిగినవన్నీ గుణకారాలు, భాగహారాలు, దాని వంతులను దానిలోంచే తీయడాలు; అందుకే మొదలు రెట్టింపైతే చివరా రెట్టింపవుతుంది. అదే లెక్కలో ‘అద్దె పోను మరో 2,000 బస్సు ఖర్చు’ అన్న మాట చేరిందా, ఆ అనుపాతం చెదిరిపోతుంది. 12 అనుకుని చేసిన లెక్క తప్పుతుంది. హద్దు అంటే ఇదే. హద్దు తెలిసినవాడికి ఆ స్థిరమైన 2,000 కనబడగానే పద్ధతి మార్చాలని తెలుస్తుంది. చిట్కాగా నేర్చినవాడు అదే దారిన పోయి తప్పు ఆప్షన్ మీద ధీమాగా నొక్కుతాడు.

మరో ఉదాహరణలో ఈ పద్ధతి మన సహజమైన తొందరను ఎలా సరిదిద్దుతుందో చూడవచ్చు. ఒక కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 40 కిలోమీటర్ల వేగంతో తిరిగివస్తే సగటు వేగమెంత? నోటికొచ్చే జవాబు 50. దూరం ఎంతో చెప్పలేదు కాబట్టి 60కీ 40కీ క.సా.గు. అయిన 120ని ఎంచుకుందాం. వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. సగటు వేగం 48. నెమ్మదిగా నడిచిన దారిలో ఎక్కువ సేపు గడిపాం కాబట్టి సగటు ఆ వైపు మొగ్గింది. వేగం పెరిగితే కాలం తగ్గుతుందన్న ఈ విలోమ సంబంధానికి మన ప్రాచీనులు వ్యస్త త్రైరాశికమని పేరు పెట్టి, ఒకటి పెరిగితే రెండోదీ అదే నిష్పత్తిలో పెరిగే మామూలు త్రైరాశికం నుంచి వేరుచేశారు. 12 మంది 10 రోజుల్లో చేసే పనిని 8 మంది 15 రోజుల్లో చేస్తారన్నది ఆ కోవలోదే. రెండింటినీ వేర్వేరుగా నిలబెట్టడంలో ఉన్న జాగ్రత్త చిన్నది కాదు: సంఖ్యలను ముట్టుకోక ముందే సంబంధం ఎటు నడుస్తోందో తేల్చుకోమని అది శాసిస్తోంది.

వెనక నుంచి చేసుకురావడం రెండో పద్ధతి. ఒక సంఖ్యను 3తో గుణించి, 5 కలిపి, 4తో భాగించి, 2 తీసేస్తే 6 మిగిలింది. ఆ సంఖ్య ఏది? 6కు 2 కలిపితే 8, 4తో గుణిస్తే 32, 5 తీసేస్తే 27, 3తో భాగిస్తే 9. గుణకారం భాగహారమవుతుంది, కూడిక తీసివేతవుతుంది అంటూ ఈ విలోమ విధిని 499 నాటి ఆర్యభటీయమే చెప్పింది. జీఆర్‌ఈలో ఇచ్చిన ఆప్షన్లను ఒక్కొక్కటిగా ప్రశ్నలో పెట్టి చూడటం దీనికి దగ్గరి చుట్టమే. ఆప్షన్లు చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉంటే నడిమిదానితో మొదలుపెట్టడం మేలు. అది తప్పయినా, జవాబు దానికి పైనుందో కిందనుందో చాలాసార్లు తెలిసిపోయి సగం పని తగ్గుతుంది. దీనికీ షరతుంది. రాశి పెరిగేకొద్దీ ఫలితం ఒకే దిశలో కదలాలి. వర్గాలున్న చోట ఫలితం కొంతదూరం తగ్గి తర్వాత పెరగవచ్చు. అక్కడ పై, కింద అన్న తీర్పు నిలవదు.

పోలిక ప్రశ్నల దగ్గర ఈ విద్య పూర్తిగా వికసిస్తుంది. రెండు రాశులిచ్చి మొదటిది పెద్దదా, రెండోది పెద్దదా, రెండూ సమానమా, ఇచ్చిన సమాచారంతో తేల్చలేమా అని అడుగుతారు. 199ని 201తో గుణిస్తే వచ్చేది పెద్దదా, 200 వర్గం పెద్దదా అంటే గుణించి చూడనక్కర్లేదు. 200కు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన సంఖ్యల లబ్ధం 200 వర్గం కన్నా ఒకటి తక్కువే. ఇలాంటి ప్రశ్నను త్రాసులా చూడటం అలవాటు చేసుకోవాలి: రెండు పళ్లాల్లోంచి ఒకే బరువు తీసేసినా మొగ్గు మారదు. కానీ రెండు వైపులా x ఉంది కదా అని దానితో భాగిస్తే ప్రమాదం. 3x, 2x అని ఇస్తే x కొట్టేసి 3 పెద్దదనడం చాలా తేలిక. x విలువ 1 అయితే అది నిజం. -1 అయితే -3 కన్నా -2 పెద్దది. సున్నా అయితే రెండూ సమానం. x ధన సంఖ్య అని ప్రశ్నలో చెప్పనంతవరకు జవాబు ‘తేల్చలేం’ అన్నదే. అందుకే ఇక్కడ ధన పూర్ణాంకంతో పాటు సున్నా, ఒకటి, భిన్నం, రుణ సంఖ్యలను కూడా పెట్టి చూడమంటారు. ఈ సలహాలో దాగిన తర్కాన్ని విద్యార్థికి విప్పి చెప్పడం అవసరం. పొసగని రెండు ఉదాహరణలు దొరికితే ‘తేల్చలేం’ అని రుజువైపోతుంది. కానీ ఒకే జవాబిచ్చే ఉదాహరణలు పది దొరికినా ‘మొదటిదే పెద్దది’ అని రుజువు కాదు. దానికి కారణం చూపాలి. ఖండించడానికి ఒక్క ఉదాహరణ చాలు, స్థాపించడానికి ఎన్ని ఉదాహరణలూ చాలవు. రేపు పరిశోధనకు వెళ్లే విద్యార్థికి ఇంతకన్నా పనికొచ్చే పాఠం మరొకటి చెప్పడం కష్టం.

మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో, ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందా లేదా అని మాత్రమే అడిగే డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు ఈ తీర్పును ఇంకా తేటగా అడుగుతాయి. తరగతిలో అబ్బాయిలెందరు? ఒకటో సమాచారం: మొత్తం 45 మంది. రెండోది: అమ్మాయిలు అబ్బాయిలకు రెట్టింపు. ఏ ఒక్కటీ విడిగా చాలదు, రెండూ కలిస్తే చాలు. అక్కడితో పని అయిపోయింది. 15 అని రాబట్టడానికి వెచ్చించిన ప్రతి క్షణం వృథాయే. x విలువెంత అన్న ప్రశ్నకు ‘x వర్గం 49’ అని ఇస్తే 7 అని ఆగిపోయేవాళ్లు -7ను మరిచినట్టే. ‘x రుణ సంఖ్య’ అన్న రెండో సమాచారం విడిగా ఏమీ చెప్పదు, మొదటిదానితో చేరితే అంతా చెప్పేస్తుంది. దేన్ని రాబట్టగలమో రాబట్టక ముందే చెప్పగలగడం బడి గణితం అంతగా అడగని నైపుణ్యం.

లెక్క మొదలెట్టక ముందే ఇచ్చినదాన్ని తూచి చూసే ఈ అలవాటు తెలుగుకు కొత్తది కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలకు అది తొలి అడుగుగా పేరుపొందింది. ఆ సంప్రదాయంలో లెక్క పద్యంలో వస్తుంది. లీలావతిలో తుమ్మెదల గుంపులు, పామును పట్టబోయే నెమలి, అర్జునుడి బాణాలు లెక్కలై కనిపిస్తాయి. పద్యం విన్నవాడు ముందు చేయాల్సింది గుణకారం కాదు. వర్ణనలోంచి రాశులను విడదీయడం. త్రైరాశికంలో ప్రమాణం (తెలిసిన రాశి), ఫలం (దానికి వచ్చే ఫలితం), ఇచ్ఛ (అడిగిన రాశి) అని మూడింటిని వేరుచేసి, ఒకే జాతివైన ప్రమాణాన్నీ ఇచ్ఛనూ మొదటా చివరా నిలపమన్నది ఇందుకే. జీఆర్‌ఈలో నాలుగు వాక్యాల ఇంగ్లిష్ ప్రశ్న చదివి తికమకపడే విద్యార్థికి కావలసినదీ అచ్చంగా ఈ క్రమశిక్షణే: ఏమిచ్చారు, ఏమడిగారు, రెండింటికీ సంబంధమేమిటి.

ఇది పాత గొప్పలు చెప్పుకోవడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ గ్రంథాల్లోనూ సూత్రాలను కంఠతా పట్టించారు కదా, అది బట్టీయం కాదా? ప్రశ్న న్యాయమైనదే. సూత్రాలు క్లుప్తంగా ఉన్నాయి, కారణాలు చాలాచోట్ల అందులో లేవు. కానీ కారణం చెప్పే బాధ్యతను వ్యాఖ్యాతలు తీసుకున్నారు. లీలావతికి 16వ శతాబ్దిలో గణేశ దైవజ్ఞుడు రాసిన బుద్ధివిలాసిని వ్యాఖ్యలో సూత్రాలకు ఉపపత్తులు, అంటే నిరూపణలు, ఉన్నాయి. అంటే సూత్రాన్ని కంఠస్థం చేయించినా, అది ఎందుకు నిలుస్తుందో చెప్పనిదే విద్య ముగిసిందనుకోలేదు. నేటి కోచింగ్‌లో కొరతపడింది సరిగ్గా ఈ రెండో సగమే. సూత్రం అందుతోంది, ఉపపత్తి అందడం లేదు.

రెండో అభ్యంతరం గడియారానిది. నిమిషం ముప్పావులో ఆలోచించేదేముంటుంది, ఎక్కువ మాక్ టెస్టులు రాసినవాడే గెలుస్తాడు కదా అంటారు. ఇందులో కొంత నిజముంది. వేగం ఒత్తిడి తెస్తుంది. నెమ్మదిగా, లోతుగా ఆలోచించే మంచి విద్యార్థికి అన్యాయం చేయగలదు. డబ్బు పెట్టి శిక్షణ కొనుక్కోగలిగినవారికి మొగ్గు ఇస్తుంది. అయితే ఇష్టకర్మ, విలోమ విధి, పోలికలో ప్రతికూల ఉదాహరణ వెతకడం, ఇవన్నీ పని తగ్గించే మార్గాలు. సరైన దారి ఎంచుకున్నవాడికే సమయం మిగులుతుంది. అందువల్ల సాధనలో క్రమం తిరగబడాలి: మొదటి నెలల్లో గడియారం పక్కన పెట్టి ఒకే లెక్కను రెండు మూడు దారుల్లో చేసి ఏది ఎందుకు పొట్టిదో చూడాలి, తర్వాతే సమయం పెట్టుకోవాలి. ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పూర్తి నమూనా పరీక్షలు ఆ రెండో దశకు బాగా పనికొస్తాయి. మొదటి దశకు ఖర్చేమీ లేదు, తెల్లకాగితాలు చాలు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. అమెరికాలో ఎన్నో విభాగాలు జీఆర్‌ఈ స్కోరు అడగడం మానేశాయి; ఒక్క స్కోరునే ఆధారం చేసుకుని ప్రవేశాలు నిర్ణయించవద్దని ఈటీఎస్ కూడా విశ్వవిద్యాలయాలకు చెబుతుంది; ఏ లెక్కనైనా క్షణంలో చేసిపెట్టే యంత్రాలు చేతిలోనే ఉన్నాయి. అలాంటప్పుడు ఇదంతా దేనికి? స్కోరు కోసమే అయితే, అడగని చోట ఇది నిజంగా అక్కర్లేదు. ఒక పరీక్ష మనిషి మేధను తూచేస్తుందని నమ్మడమూ తప్పే. కానీ యంత్రం జవాబిస్తున్నకొద్దీ ఆ జవాబు నిలుస్తుందో లేదో చూసే మనిషి అవసరం పెరుగుతుంది. 25 శాతం పెంచిన ధరను 20 శాతం తగ్గిస్తే మొదటి ధరే వస్తుందని తెలిసినవాడిని దుకాణం తగ్గింపు బోర్డు మోసగించలేదు. రెండు ఉదాహరణలు చూపి సిద్ధాంతం చెప్పే నివేదికను చదివి, ప్రతికూల ఉదాహరణ ఒక్కటి వెతికే అలవాటు ప్రయోగశాలలోనూ, కార్యాలయంలోనూ, ఓటు వేసే ముందూ పనికొస్తుంది.

కాబట్టి బోధించేవారు ప్రతి పద్ధతి వెంట మూడు ప్రశ్నలు తప్పనిసరి చేయాలి: ఇది ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, పనిచేయని ఒక లెక్కను నువ్వే తయారుచేయగలవా? మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన విద్యార్థికి ఆ పద్ధతి సొంతమైనట్టే. పరీక్షలో ప్రశ్న ఏ వేషంలో వచ్చినా అతను గుర్తుపడతాడు. ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ దాకా వేగాన్ని ఎంతో శ్రద్ధగా నేర్పే మన వ్యవస్థ, ఈ మూడు ప్రశ్నలకు వారానికి ఒక్క గంట కేటాయిస్తే పిల్లలకు మంచి స్కోరుతో పాటు, స్కోరు చెల్లుబాటు కాని చోట కూడా చెల్లే విద్య దక్కుతుంది.