నిదానం - నిర్లక్ష్యం: 2010 నాటి తీర్పు, ఉద్దానం అనుభవం

1. ఉపోద్ఘాతం:

ఆయుర్వేద పరిభాషలో ‘నిదానం’ అంటే రోగకారణాన్ని గుర్తించడం. వాడుకలో అదే మాట తొందరలేనితనాన్ని సూచిస్తుంది. రోగనిర్ధారణ లోపాలపై నడిచే వ్యాజ్యాలన్నీ ఈ రెండర్థాల నడుమనే నలుగుతాయి.

2. తీర్పు - ప్రాధాన్యం:

హైదరాబాదులోని నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కేసు ఇందుకు నిదర్శనం. 2002లో చలిజ్వరంతో చేరిన మహిళకు అక్కడ టైఫాయిడ్ చికిత్స చేశారు. మరో ఆసుపత్రికి తరలించాక రక్తపరీక్షలో మలేరియా బయటపడింది, ఆమె మరణించింది. ఫిర్యాదుచేసిన భర్త మలేరియా శాఖ అధికారే కావడం ఇందులోని విషాదం. జిల్లా ఫోరం రూ. 2 లక్షల పరిహారం విధించగా, నిపుణుల సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దానిని కొట్టివేసింది. జాతీయ కమిషన్ కూడా ఆ నిర్ణయాన్నే సమర్థించింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం ఉత్తర్వును పునరుద్ధరించింది. నిపుణుల సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని తేల్చింది. తోటి వైద్యునికి వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చే వైద్యుడు దొరకని సమాజంలో ఇది సామాన్యునికి పెద్ద ఊరట.

3. తీర్పు పరిధికి ఆవల:

అయితే ఈ సూత్రం లోపం కంటికి కనిపించే చోటనే పనిచేస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల మూత్రపిండ వ్యాధి తొలిదశలో లక్షణాలు చూపదు. మూత్రంలో ప్రోటీను కూడా స్వల్పంగానే ఉంటుంది కనుక మూత్రపరీక్షతో సరిపెడితే వ్యాధి తప్పించుకుంటుంది. రక్తంలో క్రియాటినిన్ చూడాలి. ఒళ్లునొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పిమాత్రలు అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను మరింత కుంగదీస్తాయి. డయాలసిస్ దశలో వ్యాధి బయటపడితే ఆలస్యానికి బాధ్యులెవరు? చట్టం ఒక చేతిని వెతుకుతుంది. ఇక్కడ ఆలస్యం అనేక చేతులు మారి వచ్చింది.

మరో అవరోధం రుసుము. 1995 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసు తీర్పు ప్రకారం, అందరికీ ఉచితంగా వైద్యం అందించే ఆసుపత్రి సేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదు. సివిల్ కోర్టు దారి మిగిలినా, కూలిపనికి పోయే రోగికి అది దూరాభారమే.

4. ముగింపు:

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. చికిత్స చేరువైనంత మాత్రాన బాధ్యత నిర్ణయమైనట్లు కాదు. ‘సగటు వైద్యుని జాగ్రత్త’ అన్న కొలమానంలో ప్రాంతీయ వ్యాధిజ్ఞానం భాగం కావాలి. పార్వతీపురం మన్యంలో జ్వరానికి మలేరియా పరీక్ష, ఉద్దానంలో రైతుకు క్రియాటినిన్ పరీక్ష కనీస ధర్మాలుగా గుర్తింపు పొందాలి. ఆ పరీక్షను అందుబాటులో ఉంచని వ్యవస్థ కూడా జవాబు చెప్పాలి. అప్పుడే నిదానం ఆలస్యానికి కాక, రోగాన్ని సకాలంలో గుర్తించడానికి పేరవుతుంది.