వదిలేసిన జాతి కుక్కను చేరదీయడం

జాతి కుక్క అంటే, ఒకే పోలిక గలవాటిని తరతరాలుగా జతకట్టిస్తూ, రూపాన్నీ పరిమాణాన్నీ మనుషులు తమ ఇష్టప్రకారం స్థిరపరచిన కుక్క. ముచ్చటపడి కొన్న అలాంటి కుక్కను జబ్బు చేసిందనో, ఇల్లు మారుతున్నామనో, బొచ్చు రాలుతోందనో వదిలించుకునేవారు పెరిగేకొద్దీ, సంరక్షణ కేంద్రాలకు, అంటే దిక్కులేని జంతువులను చేర్చుకుని వైద్యం చేయించి కొత్త ఇళ్లకు అప్పగించే సంస్థలకు, వీధి కుక్కలతోపాటు చిన్న జాతి కుక్కలు కూడా వచ్చి చేరుతున్నాయి. లండన్‌లో మేరీ టీల్బీ 1860లో ప్రారంభించి, తరువాత బాటర్‌సీ పేరుతో ప్రసిద్ధమైన కుక్కల శాల ఇటువంటి సంస్థల్లో తొలితరానిది. చెన్నైలో 1959లో కెప్టెన్ వి. సుందరం ఆరంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ తెలుగువారికి పరిచయమైనవి. కడప జిల్లాలోని ఒంటిమిట్టవాసి ఒక జాతి కుక్కను చేరదీయదలిస్తే, చాలావరకు ఇలాంటి నగరాలవైపే చూడవలసి ఉంటుంది. అంటే నగరపు గదిలో పెరిగిన ప్రాణిని కడప జిల్లా ఎండలోకి తీసుకురావలసి ఉంటుంది.

ఈ పని మంచిచెడ్డలను తేల్చేది ఆ ఎండే. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగరుస్తూ, నోటిలోనూ శ్వాసమార్గంలోనూ ఉన్న తేమ ఆవిరైపోవడం ద్వారానే అది ప్రధానంగా ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. 2003 ప్రాంతంలో హచ్ టెలిఫోన్ ప్రకటన వల్ల దేశమంతటా మోజు పెరిగిన పగ్‌కు ముఖం అణగి, ముక్కురంధ్రాలు ఇరుకై, అంగిలి వెనుక మెత్తని భాగం గాలిదారికి అడ్డుపడుతుంది కాబట్టి, వగర్చినా వేడి తగినంతగా బయటికి పోదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే పగటివేడిలో చల్లని గది లేని ఇంట పగ్‌ను ఉంచడం దాని ప్రాణానికే ముప్పు. మన ఊళ్లలో పొమరేనియన్ అని పిలిచే తెల్ల కుక్కలు చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి; మూతి పొడవుగా ఉండటం వల్ల అవి ఈ వాతావరణాన్ని పగ్‌కన్నా మెరుగ్గా తట్టుకుంటాయి. చల్లగా ఉంటుందన్న నమ్మకంతో వాటి బొచ్చును చర్మం కనిపించేదాకా గొరిగించడం పొరపాటు, ఎందుకంటే ఆ బొచ్చే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. రోజూ దువ్వి, రాలిన వెంట్రుకలను తీసేస్తే చాలు.

కాబట్టి సంరక్షణ కేంద్రంలో కుక్క అందాన్ని చూడటానికి ముందు, అది ఎలా ఊపిరి తీస్తున్నదో చూడాలి. చిన్న జాతుల్లో తరచుగా కనిపించే పళ్ల జబ్బు, మోకాలిచిప్ప పక్కకు తొలగడం, గొంతుగొట్టం బలహీనమై దగ్గు రావడం వంటి లోపాలను అడిగి తెలుసుకోవాలి. గొంతు బలహీనమైన కుక్కకు మెడపట్టీకి బదులు ఛాతీకి చుట్టే పట్టీ వాడాలి. రేబిస్ టీకా వేసిన కార్డునూ, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసిన వివరాన్నీ తీసుకోవాలి. కొత్త ఇంటికి వచ్చిన కుక్క మొదట్లో మూలన దాక్కుని తిండి ముట్టకపోతే, దాన్ని బలవంతంగా ఎత్తుకుని ముద్దుచేయడంకన్నా, అంతవరకు అలవాటైన తిండినే వేళకు పెట్టి, దానంతట అదే దగ్గరికి వచ్చేదాకా వేచి ఉండటం మేలు. తెల్లవారుజామునో, పొద్దు గుంకి రోడ్డు చల్లారిన తరువాతో మాత్రమే తిప్పాలి. అరచేతి వెనుకభాగాన్ని తారురోడ్డు మీద కొన్ని క్షణాలు ఆనించి ఉంచలేకపోతే, ఆ దారి కుక్క పాదాలకూ పనికిరాదు. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులను రోజూ వెతకాలి, ఎందుకంటే రక్తకణాలను దెబ్బతీసే జ్వరాన్ని అవి మోసుకొస్తాయి. ఈ శ్రద్ధ ఒక వేసవితో ముగిసేది కాదు. చిన్న జాతి కుక్కల్లో పన్నెండేళ్లు దాటి బతికేవి చాలా ఉంటాయి.

చట్టమూ ఈ బాధ్యతను గుర్తించింది. రాజ్యసభ సభ్యురాలిగా రుక్మిణీదేవి అరండేల్ 1953లో తెచ్చిన బిల్లు ప్రేరణతో వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడాన్ని నేరంగా పేర్కొంది. కానీ మొదటి తప్పుకు అది నిర్ణయించిన జరిమానా 50 రూపాయలు మించదు. ఇంత చిన్న శిక్ష ఎవరినీ ఆపలేదు గనుక, అసలు కట్టుబాటు మనుషుల మనసులోనే ఉండాలి. కోదండరాముడు కొలువైన ఒంటిమిట్టలో ఈ మాట కొత్తగా చెప్పవలసినది కాదు: ఉత్తరకాండలో ప్రక్షిప్తాలుగా, అంటే తరువాతి కాలంలో చేరినవిగా పండితులు భావించే సర్గల్లో, తప్పు చేయకుండానే దెబ్బ తిన్న కుక్క రాముడి సభకు వచ్చి న్యాయం అడుగుతుంది, రాముడు దాని ఫిర్యాదును విచారిస్తాడు. ఆ కథ కుక్క జాతిని పట్టించుకోదు, దానికి జరిగిన అన్యాయాన్నే పట్టించుకుంటుంది.

చేరదీసేవారు కూడా అదే కొలమానాన్ని పాటించడం సబబు. నీడ, నీరు, పశువైద్యుడు, ఇంట్లో రోజంతా ఎవరో ఒకరు ఉండే వీలు కుదిరినవారు వదిలేసిన స్పిట్జ్‌ను తెచ్చుకుంటే, ఒక ప్రాణానికి రెండో ఇల్లు దొరుకుతుంది. పగ్‌కు కావలసిన చల్లదనాన్ని ఇవ్వలేమని గ్రహించి ఆగిపోయినవారు కూడా దానికి మేలే చేస్తారు. అలాంటి ఇంటికి ఈ ఎండలకు అలవాటుపడిన ఊరకుక్క పిల్ల సరైన తోడు, దానికీ ఆశ్రయం అంతే అవసరం.