ఆవిరికి ఆగడం రాదు

ఆర్మూరు రైతుకు బాయిలర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పసుపు తవ్వాక కొమ్ములు ఉడకబెట్టడానికి ఒకప్పుడు పెద్ద కడాయిల కింద కట్టెలు మండేవి. ఇప్పుడు చాలాచోట్ల బాయిలర్ కళ్లం దగ్గరికే వస్తుంది. పొయ్యి రాజేయగానే ఆవిరి పట్టదు. పట్టాక ఆగమంటే ఆగదు. పసుపు నింపడం ఆలస్యమైనా కింద మంట మండుతూనే ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కాలువల మీద స్టీమరు నడపాలనుకున్నవాళ్లను ఏడిపించినవాటిలో ఈ మొండితనం ఒకటి.

కాలువలో పడవను కదిలించడం అసలు చిక్కే కాదు. స్కాట్లండ్‌లోని ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ మీద 1803 మార్చిలో విలియం సైమింగ్టన్ పడవ 'షార్లెట్ డండాస్' 70 టన్నుల బార్జ్‌లు రెండింటిని గట్టి ఎదురుగాలిలో సుమారు 30 కిలోమీటర్లు లాగింది. ఇంజిన్ పరీక్ష నెగ్గింది గానీ పడవకు పని దొరకలేదు. అలలకు గట్లు తెగుతాయని కాలువ యజమానులు భయపడ్డారు. ఆ భయం వట్టిది కాదు. ఇరుకు కాలువలో పడవ ముందుకు తోసిన నీళ్లు పక్కల నుంచే వెనక్కి రావాలి. వేగం పెంచేకొద్దీ ఆ నీరు మట్టిగట్టును కోస్తుంది, పడవ వెనక భాగం అడుగుకు దిగబడుతుంది. బొగ్గు ఎక్కువ వేసినంత మాత్రాన దూరం ఎక్కువ పోదు.

మన దగ్గర ఈ కాలువ స్టీమర్ల చిక్కులు గోదావరి డెల్టా కథ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద సర్ ఆర్థర్ కాటన్ కాలువల్ని సాగుకూ ప్రయాణానికీ కలిపి తవ్వించారు. నీటిమట్టం మారేచోట లాకులు వచ్చాయి. పడవ లాకులోకి వెళ్లాలి, తలుపులు మూయాలి, నీళ్లు నిండాలి. అంతసేపూ ఇంజిన్‌కు పని లేదు. నిప్పు ఆర్పితే మళ్లీ ఆవిరి పట్టేదాకా పడిగాపులు. ఆర్పకపోతే సేఫ్టీ వాల్వ్ గుండా కట్టెల ఖర్చు గాలిలో కలిసిపోతుంది. భుజాన తాడు వేసుకుని గట్టు మీంచి పడవ లాగే మనుషులకు ఈ బాధ లేదు. లాకు దగ్గర కూర్చుని చుట్ట కాల్చుకోవచ్చు. పైగా బాయిలర్, కట్టెలు, ఇంజిన్ చూసే మనుషులు కలిసి ధాన్యం బస్తాల చోటు తినేస్తాయి. పడవకు కూలి తెచ్చేది ఆ బస్తాలే.

మిగతావి చిన్న చిక్కులే, కానీ రోజూ ఉండేవి. పక్కచక్రాలుంటే పడవ వెడల్పై లాకులో పట్టదు. అడుగున ప్రొపెల్లర్ పెడితే తూడూ నాచూ చుట్టుకుంటాయి. వంతెన వస్తే పొగగొట్టం వంచాలి. వరదనీరు బాయిలర్‌లో పోస్తే లోపల బురద పేరుకుంటుంది, దాన్ని వదిలించకపోతే రేకు కాలిపోతుంది. ఇవన్నీ సర్దుకున్నా, ఎండాకాలంలో మరమ్మతులకు కాలువ కట్టేస్తే పడవ కదిలేది లేదు. నీళ్లు ముందు పొలానివి.

ఎగువన కథ ఇంకోలా ముగిసింది. అమెరికా అంతర్యుద్ధంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైన 1860లలో, ఎగువనున్న బేరార్ ప్రాంతపు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దింపాలని నదిలోని రాతి అడ్డంకుల దగ్గర ఆనకట్టలూ లాకులూ తలపెట్టారు. 1867లో రైలు నాగపూర్ చేరింది. స్టీమరును ఓడించింది రైలింజన్ ఆవిరే. 1871లో పనులు ఆపేశారు. ఆ పథకం గుర్తుగా దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట మిగిలింది.

ఆర్మూరుకు దగ్గర్లోని పోచంపాడు దాకా ఆ స్టీమర్లు ఎలాగూ వచ్చేవి కావు. ఆ దారి ప్రాణహిత వైపు తిరిగి వార్ధా లోయకు పోయేది. పోచంపాడు దగ్గరే 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ డ్యాము నుంచి కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు పారుతున్నా, అది పడవల కోసం తవ్వింది కాదు. విచిత్రమేమిటంటే, 2016 జాతీయ జలమార్గాల చట్టం నాలుగో జలమార్గాన్ని భద్రాచలం నుంచి నాసిక్ దాకా పొడిగించింది. కాగితం మీద పోచంపాడు గోదావరి కూడా అందులోదే. డీజిల్ పడవకు ఆవిరి తిప్పలు ఉండవు, నిజమే. ఆ పడవ నాసిక్ వైపు వెళ్లాలంటే మాత్రం శ్రీరాంసాగర్ దాటాలి, ఆ డ్యాముకు లాకు లేదు.